పాతబస్తీకి మక్కా మసీదు ఏమవుతుంది?

హైదరాబాద్ వెళ్లిన మన కుటుంబాల్లో చార్మినార్ చూడకుండా తిరిగి వచ్చేవారు తక్కువ. పెళ్లి ఉంటే గాజులకు లాడ్ బజారు, ముత్యాలకు పత్తర్‌గట్టి, రంజాన్ నెలయితే ఒక గిన్నె హలీం. ఫొటోలు దిగి, బేరాలు ముగించుకుని బస్సో మెట్రోనో ఎక్కేస్తాం. చార్మినార్‌కు నైరుతి దిక్కున కూతవేటు దూరంలో ఉన్న పెద్ద రాతి కట్టడాన్ని మాత్రం బయటి నుంచే చూసి వచ్చేస్తాం. అది మక్కా మసీదు. భారతదేశంలోని అతి పెద్ద మసీదుల్లో ఒకటి.

దాని గురించి మనకు తెలిసింది చాలావరకు వార్తల ద్వారా తెలిసిందే. బాంబు పేలినప్పుడు, ఎన్నికలు వచ్చినప్పుడు, పండుగ ఊరేగింపులకు పోలీసు బందోబస్తు పెట్టినప్పుడు టీవీలో దాని బొమ్మ కనిపిస్తుంది. మిగతా రోజుల్లో అక్కడ ఏం జరుగుతుందో, చుట్టూ ఉన్న బస్తీలకు అది ఎలా ఉపయోగపడుతుందో మన సంఘాల్లో మాట్లాడుకునేది తక్కువ. మన ఊళ్లలో చర్చి, మసీదు ఒకే వీధిలో ఉన్న చోట్లు ఎన్నో ఉన్నాయి. పొరుగువాని గురించి అబద్ధ సాక్ష్యం పలకకూడదని నేర్చుకున్నవారం మనం. నిజం పలకాలంటే ముందు నిజం తెలిసి ఉండాలి. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

77 ఏళ్ల నిర్మాణం

హైదరాబాద్ నగరానికి 1591లో పునాది వేసినవాడు మహమ్మద్ కులీ కుతుబ్ షా. ఆయన తరువాత గోల్కొండ గద్దెనెక్కిన మహమ్మద్ కుతుబ్ షా 1617లో మక్కా మసీదు నిర్మాణం మొదలుపెట్టాడు. శంకుస్థాపన గురించి పాతబస్తీలో ఒక కథ చెబుతారు. జీవితంలో ఒక్కసారి కూడా నమాజు తప్పనివాడే మొదటి రాయి వేయాలని సుల్తాను ప్రకటించాడట. పండితులు, పెద్దలు ఎవరూ ముందుకు రాలేదు. చివరికి, పన్నెండేళ్ల వయసు నుంచి అర్ధరాత్రి ప్రార్థన కూడా తప్పలేదంటూ సుల్తానే ముందుకు వచ్చి రాయి వేశాడట. ఇది చరిత్రో జనశ్రుతో ఎలా ఉన్నా, ఆ కట్టడాన్ని జనం ఎలా చూశారో చెబుతుంది. రాజు డబ్బుతో కట్టిన మసీదే అయినా, దానికి రాయి వేసే అర్హత ప్రార్థన వల్లనే రావాలని వారు అనుకున్నారు.

నిర్మాణం ఒక రాజుతో పూర్తికాలేదు. అబ్దుల్లా కుతుబ్ షా, ఆ తరువాత తానీషా కాలంలోనూ పని సాగింది. తానీషా దర్బారులో మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నలు, మాదన్న మేనల్లుడైన భద్రాచల రామదాసు తెలుగువారందరికీ తెలిసినవారే. రామదాసు గోల్కొండ చెరలో ఉన్న రోజుల్లో హైదరాబాద్‌లో ఈ మసీదు రాళ్లు లేస్తున్నాయి. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించాడు. మిగిలిన పనిని ఆయన హయాంలో 1694లో ముగించారు. అంటే మొదటి రాయి నుంచి చివరి రాయి వరకు 77 ఏళ్లు పట్టింది.

పనిచేసిన చేతులు మాత్రం ఎక్కువగా పేరు లేనివారివే. ఫ్రాన్స్ దేశపు వజ్రాల వ్యాపారి టావెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగినప్పుడు ఈ నిర్మాణం గురించి రాశాడు. ప్రార్థన గూడు కోసం తెచ్చిన ఒకే ఒక్క బండను గనిలోంచి తీయడానికి అయిదేళ్లు పట్టిందని, అయిదారు వందల మంది పనిచేశారని, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులు కావలసి వచ్చిందని తనకు చెప్పినట్టు ఆయన పేర్కొన్నాడు. లెక్కలో కొంత అతిశయం ఉండవచ్చు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన కూలీల, బండివాళ్ల చెమట ఆ గోడల్లో ఉందన్నది మాత్రం వాస్తవం.

మసీదు ప్రధాన మందిరం సుమారు 220 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, 75 అడుగుల ఎత్తు. పైకప్పును 15 కమానులు మోస్తాయి. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను మధ్య కమానులో వాడారని చెబుతారు. ఆ పేరు అందువల్లనే వచ్చింది. ముస్లింలు మక్కాలోని కాబా వైపు తిరిగి ప్రార్థిస్తారు. హైదరాబాద్ నుంచి అది పడమటి దిక్కు కాబట్టి మందిరం పడమర గోడలో ప్రార్థన గూడు ఉంటుంది. దాన్ని మిహ్రాబ్ అంటారు. అందులో విగ్రహం గాని, చిత్రం గాని, బలిపీఠం గాని ఉండవు. అది దిక్కు చూపే గుర్తు మాత్రమే.

మనవారికి దగ్గరి పోలిక కావాలంటే మెదక్ చర్చిని గుర్తుచేసుకోవచ్చు. నిజాం రాజ్యంలోనే, 1914 నుంచి 1924 వరకు, పోస్నెట్ దొర ఆధ్వర్యంలో ఆ మహాదేవాలయాన్ని కట్టారు. కరువు కాలంలో ఆకలితో ఉన్న జనానికి ఊరికే గంజి పోయకుండా పని ఇచ్చి అన్నం పెట్టిన కట్టడమని దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే మెదక్‌లో మతంతో సంబంధం లేకుండా అది తమ ఊరి చర్చి అంటారు. ఒక పెద్ద ప్రార్థనా మందిరం తన సంఘానికే కాక ఊరికి కూడా చెందడం ఎలాగో మెదక్‌ను చూస్తే తెలుస్తుంది. మక్కా మసీదు విషయంలోనూ అడగాల్సిన ప్రశ్న అదే.

శుక్రవారం మధ్యాహ్నం

ముస్లింలకు రోజుకు అయిదు నమాజులు. తెల్లవారకముందు ఫజర్, మధ్యాహ్నం జొహర్, సాయంకాలం అసర్, సూర్యాస్తమయం కాగానే మగ్రిబ్, రాత్రి ఇషా. వీటిని ఇంట్లోనో దుకాణంలోనో చేసుకోవచ్చు, మసీదులో జమాతుతో కలిసి చేస్తే ఎక్కువ పుణ్యమని వారి నమ్మకం. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం జొహర్ స్థానంలో జుమా నమాజు ఉంటుంది. పురుషులు దాన్ని జమాతుతోనే చేయాలి. స్త్రీలకు అది విధి కాదు.

జుమాకు ముందు వుజూ చేస్తారు. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల వరకు చేతులు కడుక్కుని, తల తడి చేతులతో తుడుచుకుని, పాదాలు కడుక్కుంటారు. ఆ తరువాత ఖతీబ్ మిన్బర్ ఎక్కి ఖుత్బా ఇస్తారు. ఖుత్బా అంటే ప్రసంగం. ఆపై ఇమామ్ వెనక అందరూ వరుసలు కట్టి నమాజు చేస్తారు. మక్కా మసీదు మందిరంలో, ఆవరణలో కలిపి పది వేల మందికి పైగా నిలబడగలరు. రంజాన్ నెలలో వచ్చే చివరి శుక్రవారాన్ని జుమతుల్ విదా అంటారు. ఆ రోజు ఆవరణ నిండిపోయి, వరుసలు రోడ్డు మీదికి, చార్మినార్ దాకా సాగుతాయి.

ఇమామ్‌ను మన పాస్టరుతో పోల్చడం అలవాటు. ఆ పోలిక కొంతవరకే సరిపోతుంది. ఇస్లాంలో అభిషేకం పొందిన యాజకవర్గం లేదు. ఖురాన్ చదువు, మంచి నడవడి ఉన్న వ్యక్తి ముందు నిలబడి నమాజు నడిపించవచ్చు. మన సంఘాల్లో ఉండే సభ్యత్వ పుస్తకం, బాప్తిస్మపు రిజిస్టరు వంటివి కూడా అక్కడ ఉండవు. ఏ ముస్లిం అయినా ఏ మసీదుకైనా వెళ్లి వరుసలో నిలబడవచ్చు. నాంపల్లి స్టేషన్‌లో దిగిన ప్రయాణికుడు, మదీనా దగ్గర బట్టల కొట్టు యజమాని, ఆ కొట్టుకు మూటలు మోసే హమాలీ ఒకే వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడతారు. ముందు వచ్చినవారికి ముందు వరుస.

దీనికి మరో వైపు కూడా ఉంది. అంత పెద్ద జనంలో ఈ వారం ఎవరు రాలేదో ఇమామ్‌కు తెలిసే వీలు లేదు. చిన్న సంఘంలో మన కాపరులు చేసే ఇంటింటి పరామర్శ పెద్ద నగర మసీదులో సాధ్యపడదు. ఆ పని గల్లీల్లో ఉండే చిన్న మసీదులు, బంధువర్గం చూసుకుంటాయి. పెద్ద మసీదు పని వేరు. ఊరంతటినీ ఒకచోట చేర్చడం దాని వంతు.

ఆవరణలో రోజంతా

మక్కా మసీదును పొరుగువారికి దగ్గర చేసింది దాని మందిరం కన్నా ఎక్కువగా దాని ఆవరణ. నమాజుల మధ్య గంటల్లో అక్కడికి రకరకాల మనుషులు వస్తారు. మండుటెండలో బేరం లేని వ్యాపారులు నీడకు కూర్చుంటారు. ఊరి నుంచి యునానీ ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు నడుం వాలుస్తారు. నిజాం కాలంలో చార్మినార్ పక్కనే కట్టిన ఆ ఆసుపత్రి నేటికీ నడుస్తోంది. పిల్లలు పావురాలకు గింజలు చల్లుతారు. కొలను అంచున ఉన్న రాతి పలకల మీద కూర్చున్నవారు మళ్లీ హైదరాబాద్ తిరిగి వస్తారని ఒక నమ్మకం ఉంది కాబట్టి పర్యాటకులు వాటి మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. హిందువులు, క్రైస్తవులు కూడా ఆవరణలోకి వెళ్లవచ్చు. రోజూ వెళుతూనే ఉన్నారు.

ఆవరణలో దక్షిణం వైపు సమాధుల వరుస ఉంటుంది. రెండవ నిజాం నుంచి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వరకు అసఫ్ జాహీ పాలకులు అక్కడ నిద్రిస్తున్నారు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సమాధి మాత్రం కింగ్ కోఠి వద్ద జూదీ మసీదులో ఉంది. మన పాత చర్చిల ఆవరణల్లో దొరల సమాధులు ఉన్నట్టే ఇక్కడ పాలకులవి ఉన్నాయి. ఒకనాడు వారి ముందు నిలబడడానికి భయపడిన జనం మనవలు ఇప్పుడు ఆ సమాధుల పక్కన కూర్చుని రొట్టె తింటున్నారు.

రంజాన్ నెల, డబ్బు లెక్క

రంజాన్ నెలలో ముస్లింలు తెల్లవారుజామున సహరీ తిని, సూర్యాస్తమయం దాకా అన్నం, నీళ్లు ముట్టరు. సాయంత్రం ఖర్జూరంతో, నీళ్లతో ఉపవాసం విడిచి చేసే ఆహారాన్ని ఇఫ్తార్ అంటారు. మక్కా మసీదు ఆవరణలో ఆ వేళకు పొడవాటి బట్టలు పరిచి పండ్లు, ఖర్జూరాలు, తినుబండారాలు సర్దుతారు. ఇంటి నుంచి తెచ్చుకున్నవారు పక్కవారికి పెడతారు. ఏమీ తెచ్చుకోనివారు కూడా ఆకలితో లేవరు. రాత్రి ఇషా తరువాత తరావీహ్ నమాజుల్లో నెల రోజుల పాటు ఖురాన్ పారాయణం సాగుతుంది.

బయట బజారు తెల్లవార్లూ మేలుకుని ఉంటుంది. చార్మినార్ నుంచి మదీనా కూడలి దాకా బట్టలు, చెప్పులు, గాజులు, సేమియాలు, అత్తరు అమ్మేవారితో అడుగు పెట్టే సందు ఉండదు. హైదరాబాద్ హలీంకు 2010లో, హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ రెండూ ఈ వీధులకు అన్నం పెట్టేవే. గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి ప్రాంతాల్లో నగలు, ముత్యాల వ్యాపారంలో ఉన్నవారిలో హిందువులు చాలామంది. మసీదుకు జనం వస్తే వారి కొట్లు కూడా నడుస్తాయి. కర్ఫ్యూ పెడితే అందరి పొయ్యీ ఆరిపోతుంది. 2020లో కరోనా వల్ల రంజాన్ నెలలో మసీదులో సామూహిక నమాజులు లేక, జుమతుల్ విదాకూ జనం రాలేదు. ఆ ఏడు ఆ బజారు ఏమైందో అక్కడి వ్యాపారులను అడిగితే చెబుతారు.

మన సంఘాలు ప్రత్యేకంగా గమనించాల్సింది జకాత్ పద్ధతి. ముస్లిం ఒకరి దగ్గర నిర్ణీత పరిమితికి మించి ధనం ఒక చాంద్రమాన సంవత్సరం పాటు నిలిచి ఉంటే, అందులో నూటికి రెండున్నర వంతు తప్పనిసరిగా ఇచ్చివేయాలి. ఆ డబ్బు ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెబుతుంది. పేదలు, దిక్కులేనివారు, అప్పుల్లో మునిగినవారు, దారిలో చిక్కుకున్న ప్రయాణికులు వారిలో ఉన్నారు. సొంత తల్లిదండ్రులకు, పిల్లలకు జకాత్ ఇవ్వకూడదు. వారిని పోషించడం ఎలాగూ బాధ్యతే కాబట్టి అది దానం కిందికి రాదు. మసీదు గోడలు లేపడానికి, సున్నం వేయించడానికి కూడా జకాత్ సొమ్ము వాడకూడదని వారి ధర్మశాస్త్ర పండితుల్లో అత్యధికుల అభిప్రాయం. కట్టడానికి వేరే విరాళం తేవాలి. పేదవాడి వంతు పేదవాడికే చేరాలి. ఇది కాక పండుగ నమాజుకు ముందే ఇంట్లోని ప్రతి మనిషి పేరున ఫిత్రా ఇస్తారు. ఆ రోజు పేద ఇంట్లో కూడా సేమియా వండాలన్నది దాని ఉద్దేశం.

ఇది ప్రతి ఇంట్లో తు.చ. తప్పకుండా జరుగుతుందని ఎవరూ అనరు. మనలో దశమభాగం విషయం ఎలాగో అక్కడా అంతే. నియమం మాత్రం స్పష్టంగా ఉంది. కట్టడం నిధి, పేదల నిధి ఒకే సంచిలో పడవు. మన సంఘాల వార్షిక లెక్కల్లో ఈ రెండు పద్దులు విడివిడిగా కనిపిస్తున్నాయా అన్నది కోశాధికారులు, పెద్దలు కూర్చుని చూసుకోవాల్సిన విషయం.

తాళంచెవి ఎవరి దగ్గర?

ఎక్కువ మసీదులను స్థానిక కమిటీలు వక్ఫ్ బోర్డు కింద నడుపుతాయి. వక్ఫ్ అంటే దేవుని పేరున శాశ్వతంగా విడిచిపెట్టిన ఆస్తి. మక్కా మసీదు మాత్రం తెలంగాణ ప్రభుత్వ మైనారిటీ సంక్షేమ శాఖ నిర్వహణలో ఉంది. సిబ్బంది జీతాలు, మరమ్మతుల ఖర్చు ఆ శాఖ ద్వారా వస్తాయి. మన క్రిస్మస్ విందులకు, కానుకలకు సంబంధించిన పనులు చూసేది కూడా ఆ శాఖే. కాబట్టి ఫైళ్లు కదలకపోవడం, నిధులు ఆలస్యం కావడం ఏమిటో మనకూ తెలుసు. పైకప్పులోంచి నీరు కారి, నాలుగు వందల ఏళ్ల కట్టడానికి ముప్పు వస్తే మరమ్మతులు మొదలుపెట్టడానికీ, ముగించడానికీ ఏళ్లు పట్టాయి.

ప్రభుత్వం చేతిలో ఉన్నంత మాత్రాన రాజకీయం గేటు బయట ఆగదు. రంజాన్ చివరి శుక్రవారం నమాజు తరువాత మజ్లిస్ పార్టీ ఆధ్వర్యంలో యౌముల్ ఖురాన్ సభ జరగడం అక్కడ ఆనవాయితీ. ఖురాన్ గురించిన సభలో రాజకీయ ప్రసంగాలు కూడా ఉంటాయి. ప్రార్థనకు వచ్చిన జనం ముందు పార్టీ నాయకులు మాట్లాడడం మంచిదా కాదా అన్నది ముస్లింలు తమలో తాము తేల్చుకోవలసిన ప్రశ్న. ఎన్నికల వేళ మన కన్వెన్షన్ వేదికల మీద ఎవరెవరు కూర్చుంటున్నారో చూసిన తరువాత మనం వేలెత్తి చూపే స్థితిలో లేము.

2007 మే 18

ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, జుమా నమాజుకు వేలమంది చేరి ఉన్న సమయంలో, జనం వుజూ చేసుకునే చోటుకు దగ్గరలో బాంబు పేలింది. 9 మంది మరణించారు. ఆ తరువాత వీధుల్లో చెలరేగిన ఆందోళనలో పోలీసు కాల్పుల వల్ల మరో 5 గురు చనిపోయారు. ప్రార్థనకు కాళ్లు కడుక్కుంటున్న మనుషులు అదే నీటి పక్కన ప్రాణం విడిచారు.

తరువాత జరిగింది కూడా అంతే బాధాకరం. పోలీసులు పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో అదుపులోకి తీసుకున్నారు. కొందరు నెలల తరబడి జైలులో ఉన్నారు. చిత్రహింసలు పెట్టారని వారు చెప్పారు. వారి మీద నేరం రుజువు కాలేదు, కోర్టులు విడుదల చేశాయి. 2012లో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి పరిహారం అందజేసింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టివేసింది. ఈలోగా దర్యాప్తు సీబీఐ నుంచి ఎన్‌ఐఏకు మారి, హిందూ అతివాద బృందానికి చెందినవారని కొందరిని నిందితులుగా చేర్చారు. 2018 ఏప్రిల్ 16న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు, సాక్ష్యాలు చాలవని విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది.

చనిపోయినవారి ఇళ్లకు ఈ నేరం ఎవరు చేశారన్న జవాబు ఆ తీర్పుతో రాలేదు. మొదట పట్టుబడిన కుర్రాళ్లకు పోయిన ఉద్యోగాలు, చదువులు, ఆగిపోయిన పెళ్లి సంబంధాలు తిరిగి రాలేదు. టీవీలో పేరు వచ్చిన రోజున వారిని దోషులని నమ్మినవారు ఎందరో. విడుదలైన రోజున ఆ వార్త చదివినవారు కొందరే. చర్చి మీద దాడి జరిగినప్పుడు, కాపరి మీద మతమార్పిడి నేరం మోపి స్టేషన్‌కు తీసుకెళ్లినప్పుడు, నిజం తేలకముందే తీర్పు చెప్పవద్దని మనం లోకాన్ని వేడుకుంటాం. పొరుగు గేటు దగ్గర కూడా ఆ నియమం మారకూడదు.

మసీదు మూతపడలేదు. తనిఖీ ద్వారాలు, కెమెరాలు వచ్చాయి. జుమా కొనసాగింది. పాతబస్తీ ఆ ఘాతం నుంచి మతకల్లోలంలోకి జారిపోలేదు.

ఒకే వీధిలో నాలుగు ఊరేగింపులు

చార్మినార్ ముందు వీధి చిన్నది. మొహర్రం నాడు బీబీ కా ఆలం ఏనుగు మీద ఆ దారిన వెళుతుంది. ఆషాఢంలో బోనాల సమయాన అక్కన్న మాదన్న గుడి ఘటం ఆ దారినే వెళుతుంది. గణేశ్ నిమజ్జనం శోభాయాత్ర, మిలాదున్నబీ ఊరేగింపు కూడా అటే. సంవత్సరంలో నాలుగుసార్లు ఊరంతా అక్కడ ఊపిరి బిగబట్టుకుంటుంది. 1990 డిసెంబరులో చెలరేగిన అల్లర్లలో పాతబస్తీ ఎంత నష్టపోయిందో పెద్దవారికి గుర్తే.

2023లో ఒక పరీక్ష ఎదురైంది. ఆ ఏడు సెప్టెంబరు 28న గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ ఒకే రోజు వచ్చాయి. పోలీసులు, ఇరువర్గాల పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. 2024లోనూ నిమజ్జనం దాటేదాకా ఆగి సెప్టెంబరు 19న జరుపుకున్నారు. ప్రవక్త జన్మదినాన్ని గౌరవంగా జరుపుకోవడానికి ఎదురుచూసే జనానికి అది చిన్న త్యాగం కాదు. ఆ రెండేళ్లూ నగరం ప్రశాంతంగా నిద్రపోయింది. జరగని అల్లరికి పత్రికల్లో పెద్ద అక్షరాలు ఉండవు కాబట్టి ఈ విషయం ఇక్కడ రాయడం అవసరం.

ఈ శాంతి పనిలో మన వంతు కూడా కొంత ఉంది. కొత్త నిబంధనను ఉర్దూ, పర్షియా భాషల్లోకి తెచ్చిన హెన్రీ మార్టిన్ పేరిట 1930లో లాహోర్‌లో ఒక క్రైస్తవ సంస్థ మొదలైంది. ఇస్లాంను అధ్యయనం చేయడం దాని పని. 1971లో అది హైదరాబాద్‌కు వచ్చింది. 1990 అల్లర్ల తరువాత హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ పుస్తకాల దగ్గరే ఆగకుండా పాతబస్తీ గల్లీల్లోకి వెళ్లి, హిందూ ముస్లిం కుటుంబాలు కలిసి ఉండే చోట పిల్లల చదువు, మహిళలకు చేతిపనుల శిక్షణ వంటి పనులు చేపట్టింది. కుట్టుమిషన్ల మీద పక్కపక్కన కూర్చున్న తల్లులు, గొడవ జరిగిన రోజున ఒకరి పిల్లలను ఒకరు లోపలికి తీసుకుంటారన్న నమ్మకంతో చేసిన పని అది.

మన సంఘాలకు

మన విశ్వాసానికీ ముస్లింల విశ్వాసానికీ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. వారు యేసును ఈసా ప్రవక్తగా గౌరవిస్తారు, మరియమ్మ పేరిట ఖురాన్‌లో ఒక అధ్యాయమే ఉంది. అయినా ఆయన దేవుని కుమారుడని గాని, సిలువపై మరణించాడని గాని వారు ఒప్పుకోరు. మన సువార్తకు కేంద్రం అక్కడే ఉంది. ఈ తేడాను దాచనవసరం లేదు. ముస్లిం పొరుగువారు కూడా దాచమని అడగరు. తేడా తెలిసినవారే ఒకరి ఇంట్లో ఒకరు నిశ్చింతగా టీ తాగగలరు.

ఆ గౌరవంతో చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. యవ్వనస్థుల కూటమి హైదరాబాద్ వెళ్లినప్పుడు మక్కా మసీదు ఆవరణను కూడా చూసి రావచ్చు. శుక్రవారం మధ్యాహ్నం, నమాజు వేళలు వదిలి వెళ్లాలి. చెప్పులు విడవాలి. ఒళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. స్త్రీలు తలమీద కొంగో చున్నీయో వేసుకోవాలి. ప్రార్థన చేసేవారి ఫొటోలు అడగకుండా తీయకూడదు. మన ఆరాధనలోకి వచ్చే అతిథి నుంచి మనం ఆశించేది కూడా ఇంతే.

మీ ఊరి మసీదు కమిటీ పెద్ద పేరు, ఫోను నంబరు మీ సంఘ పెద్దల దగ్గర ఉందా? రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఒక వదంతి వస్తే నేరుగా అడిగి తెలుసుకునేంత పరిచయం ఉందా? లేకపోతే రంజాన్ నెలలో ఒక సాయంత్రం ఖర్జూరాల పొట్లంతో వెళ్లి పరిచయం చేసుకోవచ్చు. క్రిస్మస్‌కు వారిని పిలవవచ్చు. గుడ్ ఫ్రైడే ఊరేగింపు, వారి జుమా ఒకే వేళకు వచ్చే చోట దారి, సమయం ముందే మాట్లాడుకోవచ్చు.

ఇంకొకటి మన గేట్ల సంగతి. పట్టణాల్లో మన చర్చిల్లో చాలావరకు ఆదివారం పన్నెండింటికి తాళం పడితే మళ్లీ బుధవారం కూడికకే తెరుచుకుంటుంది. భద్రత, దొంగతనం, సిబ్బంది కొరత వంటి కారణాలు నిజమైనవే. అయినా మధ్యాహ్నం రెండు గంటలైనా గేటు తెరిచి, చెట్టు కింద ఒక బల్ల, ఒక కుండ నీళ్లు పెట్టగలిగితే ఎండలో వచ్చే ఆటోవాలాకు, కూరగాయలమ్మకు, ఆసుపత్రికి వచ్చిన పల్లెవారికి అది ఎవరి మందిరమో అడగకుండానే తెలుస్తుంది. పాతబస్తీకి మక్కా మసీదు ఇచ్చే వాటిలో అన్నిటికన్నా సామాన్యమైనది అదే. దానికి 77 ఏళ్లు, 1,400 ఎద్దులు అక్కర్లేదు. ఈ వారం కమిటీ సమావేశంలో ఒక తీర్మానం చాలు.